ఎనిమిదో సీటు

ఆవిరి గుడ్డ కనబడలేదని ఆ ఉదయం, పెద్దావిడ కనక అందరూ లల్లా అని పిలిచే ఖద్దూజా ఇల్లంతా ఏకం చేసింది. కింద కూర ఉడికే కుండకూ, పైన గోధుమరవ్వ కస్కసు పోసే చిల్లుల కుండకూ మధ్య సందులోంచి ఆవిరి పోకుండా తడిపి చుట్టే గుడ్డ పేలిక అది. ఎప్పుడూ తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. ఇవాళ లేదు.

"మొఖ్తార్! నువ్వే తీశావు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"తీశాను. గానుగ దగ్గర గొట్టం కారుతుంటే కట్టాను. పేలిక కోసం ఇంత రాద్ధాంతమా అమ్మా? ఇంకోటి చింపుకో."

"ఇంకోటి చింపుకోవాలా? అయితే విప్పు నీ చొక్కా, అదే చింపుతాను. ఆవిరంతా పక్కలనుంచి పోయి గింజ గింజా ఇసుకలా ఉంటే రాత్రికి అన్నిటికంటే ముందు వంకలు పెట్టేది నువ్వే!"

"నా పాత ఏప్రను ఉంది, అది చింపండి లల్లా," అంది కోడలు మోంజియా, ఆరోగ్యకేంద్రానికి వేసుకుపోయే తెల్లకోటు ఇస్త్రీ చేస్తూ.

తల్లీ కొడుకూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు.

"నువ్వు ఊరుకోవమ్మా. నీకు ఎలక్షన్లున్నాయిగా," అంది అత్తగారు.

మోంజియా మళ్ళీ ఇస్త్రీపెట్టె ఎత్తింది. గొడవ పేలిక గురించి కాదని ముగ్గురికీ తెలుసు. ఆదివారం ఓట్లు పడ్డాయి. అప్పటినుంచీ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు, తిన్నది ఒంటబట్టడం లేదు. లెక్కింపు జిల్లా కేంద్రంలో ఒక హైస్కూలు వ్యాయామశాలలో ఇంకా సాగుతూనే ఉంది. కూతురు ఇష్రఫ్ యూనివర్సిటీ పిల్లలతో కలిసి పరిశీలకురాలిగా అక్కడే కూర్చుని ఉంది.

మోంజియా ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో కాన్పులు చేసే నర్సు. జనవరిలో పాత అధ్యక్షుడు విమానమెక్కి పారిపోయాక, కొత్త రాజ్యాంగం రాయడానికి సభ ఒకటి వేస్తామనీ, దానికి ఎవరైనా పోటీ చేయవచ్చనీ అన్నప్పుడు, దేశంలో ఉన్న ప్రతివాడూ ఒక జాబితా పట్టుకు బయల్దేరాడు. ఓటు ఒక్క మనిషికి కాదు, పేర్ల జాబితాకు; జాబితాకు ఎన్ని సీట్లు వస్తే పైనుంచి అన్ని పేర్లు సభకు వెళతాయి. వాళ్ళ జిల్లాలోనే అరవైదాకా జాబితాలు తేలాయి. ఊళ్ళ గోడల మీద సున్నంతో గళ్ళు గీసి, గడికో నంబరు వేశారు, ఎవరి కాగితం వాళ్ళ గడిలోనే అంటించాలని. జాబితాలో ఒక మగపేరు, ఒక ఆడపేరు, మళ్ళీ మగపేరు, అలా వరసగా ఉండాలని చట్టం. అందుకని అందరూ మొదట మగవాణ్ణి పెట్టి రెండోపేరు కోసం ఆడవాళ్ళను వెతుక్కుంటూ తిరిగారు. మోంజియా దగ్గరికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ఆమెను రెండో పేరుగానే అడిగారు.

"రెండోదాన్నయితే నాకెందుకు? రాత్రిపూట నొప్పులొచ్చిన పిల్లను తీసుకుపోవడానికి ఆసుపత్రి బండి లేని ఊరు ఇది. ఆ మాట చెప్పడానికి వెళ్ళేదాన్ని నేనే అయితే పేరు పైనే ఉంటుంది," అంది.

అలా ఆమె తన జాబితా తానే వేసింది. రెండో పేరు మొఖ్తార్ చిన్నాన్న కొడుకు లమీన్‌ది. మందుల కొట్టు, మెడలో టై, మాటకు ముందు ఒక ఫ్రెంచి ముక్క. మిగతా పేర్లు ఒక బడిపంతులమ్మదీ, రైతులవీ. గుర్తుగా బావి గిలక వచ్చింది.

ఇప్పుడు ఆ జాబితాకు ఏమవుతుందో తెలియాలి. మొఖ్తార్‌కు ఇది సరదాగా మొదలై భయంగా మారిన వ్యవహారం. మోంజియాకు మాత్రం ఒకటే దిగులు. ఆమె మాట నమ్మి, ఇంతవరకూ గడప దాటని ఆడవాళ్ళు కూడా ఆదివారం వరసలో నిలబడ్డారు. వాళ్ళ ఓటు గాలిలో కలిసిపోతే రేపు ఏ మొహంతో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి?

ఆ వరస ఇంకా ఆమె కళ్ళ ముందు కదులుతూనే ఉంది. తెల్లవారక ముందే బడి గోడ చుట్టూ తిరిగి, మసీదు దాటి, కమ్మరికొట్టు దాకా పాకింది. ఉన్ని దుప్పటి కప్పుకున్న ముసలాయన తనకిచ్చిన కుర్చీ వద్దని, వరస తప్పుతుందేమోనని నిలబడే ఉన్నాడు. ఎవరూ ఎవరినీ తోయలేదు. రొట్టెల దుకాణం దగ్గర రోజూ మోచేతులతో పొడుచుకునే జనం వీళ్ళేనా అనిపించింది. బయటికి వచ్చినవాళ్ళు నీలిసిరా అంటిన వేలును పసిబిడ్డను చూసినట్టు చూసుకుంటూ వెళ్ళారు.

మధ్యాహ్నం లమీన్ వచ్చాడు. ముఖం వాడి ఉంది, టై జేబులోంచి వేలాడుతోంది.

"అయిపోయింది వదినా," అన్నాడు వాకిట్లోనే. "గోడ మీద అంటించారు, నా కళ్ళతో చూసి వచ్చాను. ఒక సీటుకు పదివేల పదహారు ఓట్లు కావాలి. మనకు వచ్చింది రెండువేల ఎనిమిది వందల తొంభై ఒకటి. మూడోవంతు కూడా లేదు."

మోంజియా గోడకు ఆనుకుంది. "రెండువేల ఎనిమిది వందల తొంభై ఒకటా?"

"మన ఊరు నిలబడింది, చుట్టుపక్కల పల్లెలూ నిలబడ్డాయి. అంతే. పెద్దపార్టీ ముప్పై ఒక్క వేలు కొట్టుకుపోయింది."

ఆ మాట అతని కన్నా ముందే ఊళ్ళోకి వెళ్ళినట్టుంది. పొరుగింటి జాజియా పంచదార పొట్లం, కాఫీపొడి పట్టుకుని వచ్చేసింది. ఎవరైనా పోయిన ఇంటికి తెచ్చేవి అవి.

"ఇంట్లో అందరూ బతికే ఉన్నారు జాజియా," అంది లల్లా ఖద్దూజా, పొట్లం వైపు చూసి.

"ఏం తేవాలో తోచలేదు లల్లా. ఓడిపోయిన ఇంటికి ఎప్పుడైనా వెళ్ళామా మనం? ఇదివరకు ఓడిపోయేవాళ్ళే లేరుగా!"

నవ్వు రావాల్సిన మాట. మోంజియాకు మాత్రం ఆ మాట లోపలెక్కడో తగిలింది. నిజమే. ఇదివరకు ఎన్నికలప్పుడు అంకె ముందే వచ్చేది, జనం తర్వాత. నూటికి తొంభై ఎంతో, ఎప్పుడూ ఒకేలాంటి అంకె. దాన్ని టీవీలో చదివే మనిషి కూడా కళ్ళెత్తకుండా చదివేవాడు. ఈ రెండువేల ఎనిమిది వందల తొంభై ఒకటి మాత్రం ఎవరి నోటినుంచీ వచ్చింది కాదు. ఏ అధికారి అయినా కల్పిస్తే మూడువేలని కల్పించేవాడు. ఇంత వంకరటింకర అంకెను ఎవరూ కల్పించరు. ఒక్కొక్క మనిషీ వెళ్ళి ఓటు కాగితం మీద ఒక్కొక్క గీత గీస్తేనే ఇలాంటిది పుడుతుంది. ఓడిపోయిన దుఃఖంలోనూ ఆ అంకెను ఆమె మళ్ళీ మళ్ళీ మనసులో చదువుకుంది.

జాజియా వెనక మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. చాపలు పరిచారు. ఎవరో ముక్కు చీదారు కూడా. అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా! లమీన్ బాబాయి వచ్చేశాడా అక్కడికి?" ఇష్రఫ్ గొంతు బొంగురుపోయి ఉంది. "ఎందుకు వచ్చేశాడు? లెక్క సగమే అయింది!"

"చూశాడటగా. సీటుకు పదివేలు కావాలటగా."

"కావాలి. పదివేలు ఉన్నవాళ్ళు ఇద్దరే ఉన్నారు. పెద్దపార్టీకి మూడు వచ్చాయి, రెండో పార్టీకి ఒకటి. నాలుగు సీట్లు అయ్యాయి. మన జిల్లాకు ఎన్ని?"

"ఎనిమిది."

"మరి మిగతా నాలుగూ ఖాళీగా వదిలేస్తారా? ఇప్పుడు మిగుళ్ళు చూస్తారమ్మా. నాన్నకు వినబడేలా పెట్టు."

మొఖ్తార్ అప్పుడే గానుగ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకు నూనె జిడ్డు. "చెప్పు తల్లీ. ఏం మిగుళ్ళు?"

"పెద్దపార్టీకి ముప్పై ఒక్క వేల చిల్లర ఓట్లు. మూడు సీట్లకు ముప్పైవేలు ఖర్చయిపోయాయి. ఇక వాళ్ళ చేతిలో మిగిలింది వెయ్యి. రెండో పార్టీకి పన్నెండు వేల ఎనిమిది వందల తొంభై. ఒక సీటుకు పోగా రెండువేల ఎనిమిది వందల డెబ్భై నాలుగు మిగిలాయి. మూడో జాబితాకు తొమ్మిదివేలు, అసలు సీటే రాలేదు కనక తొమ్మిదివేలూ మిగులే. ఇలా అందరి మిగుళ్ళూ పక్కపక్కన పెట్టి, ఎవరి మిగులు పెద్దదో వాళ్ళకు ముందు ఒక సీటు, తర్వాతి పెద్దదానికి ఇంకోటి..."

మొఖ్తార్ తల విదిలించాడు. "ఆగు, ఆగు. ఇది మన గానుగ దగ్గర వంతుల పద్ధతే!"

"ఏమిటి?"

"మరి ఏమిటే? రోజుకు నేను గానుగలో ఇన్నిసార్లే కాయ పోసి, ఇన్ని పోతలే ఆడించగలను. పెద్దరైతు ఆలివు కాయ లారీలో తెస్తాడు. నిండు పోతలెన్ని ఉంటే అన్నీ ముందు ఆడిస్తాను. చివర్న వాడిదొక చిన్న కుప్ప మిగులుతుంది. అప్పటికి వంతులు ఇంకా ఉంటే ఏం చేస్తాను? ఆ పెద్దరైతు చిన్నకుప్పను ముందు పోస్తానా? పోయను. నిండు పోత లేని చిన్నవాళ్ళ కుప్పలతో కలిపి వరసగా పెట్టిస్తాను. ఏ కుప్ప పెద్దదైతే దానికి వంతు. లారీ ఎవరిదో నేను చూడను." అతను అమ్మ వైపు తిరిగాడు. "నాన్న కూడా అంతే కదా అమ్మా?"

"మీ తాత కూడా అంతే," అంది లల్లా ఖద్దూజా. "లారీవాళ్ళు తిట్టేవాళ్ళు."

"ఇక్కడ పెద్దపార్టీల వాళ్ళూ అలాగే తిడుతున్నారు నాన్నా," అని ఇష్రఫ్ నవ్వింది. నవ్వు సగంలోనే ఏడుపయింది. "తొమ్మిదివేల వాళ్ళకు అయిదో సీటు. ఆరువేల వాళ్ళకు ఆరోది. నాలుగువేల ఏడువందల వాళ్ళకు ఏడోది. అమ్మా, ఎనిమిదో సీటుకు రెండో పార్టీ మిగులు రెండువేల ఎనిమిది వందల డెబ్భై నాలుగు. నీది రెండువేల ఎనిమిది వందల తొంభై ఒకటి."

తేడా పదిహేడు ఓట్లు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు, వాకిట్లోనివాళ్ళు, ఇంటివాళ్ళు అందరూ కలిపితే దాదాపు అంతమంది.

ముక్కు చీదిన ఆవిడ, ఇప్పుడేం చేయాలో తెలియక, ఏడుపు ఆపకుండానే జగరీతు పెట్టింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే కేక అది. దాన్నందుకుని జాజియా, ఆ తర్వాత వీధి అంతా.

"ఆ పంచదార ఇటివ్వు. షర్బతు చేస్తాను," అంది లల్లా ఖద్దూజా.

తన కళ్ళతో చూడాలని పట్టుబట్టి మోంజియా మొఖ్తార్ బండిలో జిల్లా కేంద్రానికి వెళ్ళింది. దారి పొడుగునా ఆలివు తోటలు, కాయ నల్లబడుతున్న కొమ్మలు. హైస్కూలు గేటు దగ్గర సిపాయిలు నిలబడి ఉన్నారు కానీ ఎవరినీ అడ్డగించడం లేదు. వ్యాయామశాల గోడ మీద పెద్ద కాగితాలు. వాటి ముందు మనుషులు పెళ్ళికూతుర్ని చూడవచ్చినవాళ్ళలా మెడలు చాచి నిలబడ్డారు.

కళ్ళజోడు సరిచేసుకుంటూ ఒకాయన పైనుంచి కిందిదాకా ప్రతి జాబితానూ గట్టిగా చదువుతున్నాడు. గెలిచినవాళ్ళను మాత్రమే చదివి ఆపమంటే ఒప్పుకోలేదు. "అందరినీ చదవాలి," అన్నాడు. అన్నిటికంటే కింద ఒక జాబితాకు నలభై ఒక్క ఓట్లు.

"నలభై ఒకటి!" అని ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"నవ్వకు నాయనా. నలభై ఒక్కరు వెళ్ళి వేశారు. వేసింది వేసినట్టు రాశారు. నా డెబ్భై ఏళ్ళలో ఇంత చిన్న అంకెను ఈ దేశంలో ఎవరూ కాగితం మీద పెట్టలేదు," అన్నాడాయన.

మోంజియా తన వరస వెతుక్కుంది. బావి గిలక బొమ్మ, ఎదురుగా అంకె, దాని పక్క గడిలో సీట్లు: ఒకటి. పెద్దపార్టీ గడిలోనూ అదే సిరా, అదే అక్షరం. ఇది నిండు పోతతో వచ్చిన సీటని గానీ, మిగులుతో వచ్చిన సీటని గానీ ఎక్కడా రాసి లేదు. ఆమె వేలు ఆ అంకె మీద పెట్టి తీసేసింది. ఏదో ముట్టకూడనిదాన్ని ముట్టినట్టనిపించింది. ఎవరు వాళ్ళు? తాను పురుడు పోసిన తల్లులా, గర్భం పోయినప్పుడు చేయి పట్టుకున్నవాళ్ళా, పేరు కూడా తెలియని గొర్రెల కాపరులా? ఎవరికీ కృతజ్ఞతలు చెప్పడానికి లేదు. ఆ చివరి పదిహేడు మంది ఎవరో వాళ్ళకే తెలియదు. ఎవరికి వాళ్ళే ఆ పదిహేడో మనిషి కావచ్చు.

తిరుగు దారిలో ఆలివు తోటల మధ్యకు వచ్చాక మొఖ్తార్ బండి వేగం తగ్గించాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పనా, కోపం తెచ్చుకోవుగా?"

"తెచ్చుకుంటానో లేదో విన్నాక చెబుతాను."

"లమీన్ కనుక్కున్నాడట. పైపేరు తప్పుకుంటే రెండో పేరు వెళ్ళవచ్చట సభకు. చట్టంలో ఉందట. నీ పేరుతో గెలిచాం, గౌరవం నీదే. కానీ రాజధానిలో ఏడాది పొడుగునా ఉండాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గానుగ కాలం వస్తోంది. ఆరోగ్యకేంద్రంలో నువ్వు లేకపోతే... నేను వద్దనడం లేదు. ఆలోచించమంటున్నాను."

మోంజియా కిటికీలోంచి బయటికి చూసింది. అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అత్తగారి మోకాళ్ళు నిజం. గానుగ కాలంలో పనివాళ్ళకు మూడుపూటలా వండాల్సి రావడం నిజం. తనకు భయంగా ఉండడమూ నిజమే. సభ్యులను ఉంచే అయిదు నక్షత్రాల హోటలు తివాచీ మీద ఎలా నడవాలో కూడా తెలియనిది, రాజ్యాంగం రాసేవాళ్ళ మధ్య కూర్చుని ఏం మాట్లాడుతుంది? లమీన్ అయితే బాగా మాట్లాడతాడు.

"గానుగ దగ్గర ఒకడి కుప్పకు వంతు వచ్చిందనుకో," అంది మెల్లగా. "వాడు ఆ వంతు పక్కవాడికి ఇచ్చేస్తానంటే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. కుప్ప ఎవరిదో వాడే వచ్చి రాయి దగ్గర నిలబడాలి. లేకపోతే కాయ మారిపోయిందని రేపు తగువు." ఆ మాట అన్నాక అతనే ఆగిపోయాడు. బండి గేరు మార్చాడు.

ఆ సాయంత్రం పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చున్నారు. లల్లా ఖద్దూజా గుమ్మడిముక్కలూ శనగలూ అందరి వైపుకూ సమంగా సర్దింది, మాంసం ముక్కలు తానే తుంచి పంచింది. లమీన్ బాదం మిఠాయిల పెట్టెతో వచ్చాడు. మళ్ళీ టై కట్టుకున్నాడు. ఇష్రఫ్ గొంతు పూర్తిగా పోయింది, సైగలు చేస్తోంది.

"మన సీటుకు," అన్నాడు లమీన్, నీళ్ళగ్లాసు ఎత్తి. "మిగులు అయితేనేం, సీటు సీటే."

"నిన్న మిగిలిన కూరన్నట్టు మాట్లాడకురా," అంది లల్లా ఖద్దూజా. "మిగులు కాదు అది. లారీ లేనివాళ్ళ కుప్ప."

"తప్పయింది పెద్దమ్మా. అదే కదా నేను అంటున్నదీ. మరి వదినా, అన్నయ్య చెప్పాడా? అక్కడ నిపుణులుంటారు, ఫ్రెంచి పుస్తకాలు ముందేసుకుని వాదిస్తారు. నీకు ఇబ్బంది కాకూడదని నా తాపత్రయం. నేను ఇప్పటికే ఒక సూట్‌కేసు..."

"సర్దేశావా?" అంది ఇష్రఫ్, గాలి మాత్రమే వచ్చే గొంతుతో.

"కిందికి దించాను, అంతే!"

మొఖ్తార్ చెంచా కింద పెట్టాడు. అతను తన వైపు మాట్లాడతాడేమోనని లమీన్ చూశాడు. మొఖ్తార్ భార్య వైపు చూశాడు.

మోంజియా చేయి తుడుచుకుంది. చెప్పబోయే మాటలు ఆమె వరస పెట్టుకోలేదు. కళ్ళ ముందు గోడ మీది కాగితం మాత్రం ఉంది, ఒక గడిలో ఆ వంకరటింకర అంకె, పక్కనే ఒకటి.

"లమీన్," అంది. "నువ్వు నాకంటే బాగా మాట్లాడతావు. అందులో అనుమానం లేదు. వాళ్ళు గీత గీసేటప్పుడు కాగితం మీద పైన నా పేరు చూసి గీశారు. రెండువేల ఎనిమిది వందల తొంభై ఒక్కమందిని మళ్ళీ పిలిచి, ఇతను వెళితే మీకు సమ్మతమేనా అని అడగగలిగితే ఇప్పుడే నీకిచ్చేస్తాను. అడగలేను. వాళ్ళెవరో కూడా నాకు తెలియదు."

"వదినా, చట్టం ప్రకారం..."

"చట్టం ప్రకారం నేను చచ్చిపోయినా, చేతకాక తప్పుకున్నా నువ్వొస్తావు. అప్పటిదాకా మందుల కొట్టు తెరిచి ఉంచు, రాత్రిపూట కూడా. రాత్రి నొప్పులొచ్చినవాళ్ళు నీ తలుపే కొడతారు, నేనుండను కాబట్టి." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "లల్లా, మీ మోకాళ్ళకు మర్దనా చేయడానికి రోజూ పొద్దున జాజియా వస్తానంది. గానుగ కాలంలో వంటకు బడిపంతులమ్మ చెల్లెలు వస్తుంది, మాట్లాడాను. ఆరోగ్యకేంద్రంలో సెలవు రేపు అడుగుతాను. ఇవ్వకపోతే ఉద్యోగం వదిలేస్తాను."

"ఎప్పుడు మాట్లాడావివన్నీ?" అన్నాడు మొఖ్తార్.

"హైస్కూలు దగ్గర నువ్వు బండి నిలపడానికి చోటు వెతుకుతున్నప్పుడు, ఫోనులో."

లల్లా ఖద్దూజా నోటి దాకా ఎత్తిన ముద్ద అలాగే పట్టుకుని ఉంది. ఇష్రఫ్ రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

"సభ మొదటి రోజున ఎనిమిదో సీటులో కూర్చునేది నేను," అంది మోంజియా. "వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాను."